అక్షరాలన్నీ వచ్చు, వాక్యం మాత్రం సాగదు: తొమ్మిదేళ్ల బాబుకు ఏ పుస్తకాలు ఇవ్వాలి?

మామిడితోపు

మా బాబుకు తొమ్మిదేళ్లు నిండాయి. రెండవ తరగతి మధ్యలో బడి మాన్పించి, ఏడాదిన్నరగా ఇంట్లోనే చదివిస్తున్నాము. మేముండేది రాజమహేంద్రవరంలో. లెక్కలలో ఇబ్బంది లేదు. నేను కథ చదివి వినిపిస్తే రెండు రోజుల తరువాత కూడా పొల్లుపోకుండా తిరిగి చెప్పగలడు. చిక్కంతా తాను చదవవలసి వచ్చినప్పుడే. అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ వచ్చు. విడిగా రాసి చూపిస్తే వత్తులు కూడా చాలావరకు గుర్తుపడతాడు. వాక్యం ముందు పెడితే మాత్రం ఒక్కొక్క అక్షరాన్నీ వేలితో తడుముకుంటూ వెళ్లి, మాట చివరికి చేరేసరికి దాని మొదలు మరచిపోయి, మళ్లీ వెనక్కి వస్తాడు. నాలుగు వాక్యాలు పూర్తయ్యేసరికి ఇద్దరికీ చెమటలు పడతాయి.

పుస్తకాల విషయంలో నాకు దారి తోచడం లేదు. అతను చదవగలిగిన పుస్తకాలలో కోడిపిల్లలు, కుందేళ్లు ఉంటాయి. "ఇది చెల్లి పుస్తకం" అని పక్కన పెట్టేస్తాడు. అతనికి ఇష్టమైన రైళ్లు, వంతెనల గురించిన పుస్తకాలలో పంక్తికి నాలుగైదు సంయుక్తాక్షరాలు ఉంటాయి. మొదటి పేజీలోనే ఆగిపోతాడు. ఇప్పటికి పద్దెనిమిది పుస్తకాలు కొన్నాను. వాటిలో పూర్తయినది ఒక్కటే, అదీ నేను చదివి వినిపించినదే. ఏవి కొనాలో, ఏ క్రమంలో ఇవ్వాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. మళ్లీ బడిలో చేర్పించమనే సలహాను మా అత్తగారు ఇప్పటికే ఇచ్చారు కనుక దానిని మినహాయించవలసిందిగా కోరుతున్నాను.

రిటైర్డ్_పంతులు

సిద్దిపేట జిల్లాలో ముప్పై నాలుగేళ్లు ప్రాథమిక పాఠశాలలో చెప్పినవాడిని. పద్దెనిమిది పుస్తకాలు అవసరం లేదమ్మా. రెండవ తరగతి తెలుగు వాచకం ఒక్కటి చాలు. రెండు రాష్ట్రాలలోనూ ఎస్.సి.ఇ.ఆర్.టి. (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి) వాచకాలు ఉచితంగా దొరుకుతాయి. మన వాచకాలలో సరళపదాలు, గుణింతాలు, ద్విత్వాలు (హల్లు కింద అదే హల్లు వత్తు), సంయుక్తాలు (హల్లు కింద వేరే హల్లు వత్తు) అనే వరుస ఊరికే పెట్టలేదు. ఒక పాఠాన్ని పదిసార్లు చదివించి, తడబాటు పోయాకనే తరువాతి పాఠానికి వెళ్లండి. పుస్తకం మీద "రెండవ తరగతి" అని కనిపించకుండా పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేయండి; మా బడిలో వెనుకబడిన పిల్లలందరి వాచకాలకూ నేనే అట్టలు వేసేవాడిని. మరొక మాట, ఆ వేలు పెట్టి చదివే అలవాటును మాత్రం వెంటనే మాన్పించండి. వేలు ఉన్నంతకాలం చూపు ముందుకు పోదు.

చింతపిక్క

పద్దెనిమిదిలో ఒకటి పూర్తయిందంటే మా ఇంటి సగటు కంటే ఎక్కువే. మా నాన్నగారు హైదరాబాదు పుస్తక ప్రదర్శన నుంచి ఏటా రెండు సంచులు మోసుకొస్తారు; వాటిని ఇప్పటిదాకా పూర్తిగా చదివింది చెదపురుగులు మాత్రమే.

రెండుజడలు

మేము బెంగళూరులో ఇద్దరు పిల్లలను ఇంట్లోనే చదివిస్తున్నాము. పంతులు గారు చెప్పిన అట్ట ఉపాయం బాగుంది కానీ పిల్లలు పాఠం చివరి ప్రశ్నలు చూడగానే అది ఏ తరగతిదో పసిగట్టేస్తారు. మాకు పనికొచ్చింది ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్. అందులో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, దించుకొని అచ్చు వేసుకోవచ్చు. నాలుగు స్థాయిలుగా విభజించి ఉంటాయి. చెన్నైకి చెందిన తూలిక వారి ద్విభాషా బొమ్మల పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం, సికింద్రాబాదు మంచి పుస్తకం వారి చిన్న పుస్తకాలు కూడా మా అరలో ఉన్నాయి. ఒక్కటి కూడా కొనకుండా స్టోరీవీవర్‌తో మొదలుపెట్టండి. నచ్చనిది పక్కన పెడితే డబ్బు పోయిందన్న బాధ అయినా ఉండదు.

అచ్చుతప్పు

స్టోరీవీవర్ స్థాయిల విషయంలో ఒక హెచ్చరిక. ఆ స్థాయిలు కథ నిడివిని, వాక్యాల సంక్లిష్టతను బట్టి ఏర్పడినవి. తెలుగు వత్తులను లెక్కపెట్టి ఏర్పరచినవి కావు. ఇంగ్లీషు నుంచో హిందీ నుంచో అనువాదమైన మొదటి స్థాయి కథలో పేజీకి ఒకే వాక్యం ఉండవచ్చు, ఆ ఒక్క వాక్యంలో "ఆశ్చర్యం", "స్నేహితుడు", "ప్రయత్నం" మూడూ ఉండవచ్చు. స్థాయి సంఖ్యను నమ్మకుండా ప్రతి పుస్తకాన్నీ ముందుగా మీరే ఒకసారి చదివి చూడండి.

నేను పాతికేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను కనుక ఇంకొక సంగతి కూడా చెప్పాలి. తెలుగులో పంక్తుల మధ్య చోటు తగ్గితే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులను తాకుతాయి. పేజీలు తగ్గించడం కోసం చాలామంది ఆ చోటునే ముందుగా నొక్కేస్తారు. పెద్దవాళ్లం తెలిసిన మాటను ఒక్క చూపులో గుర్తుపడతాము కనుక మనకు తెలియదు. అక్షరం అక్షరం చూసుకొనే పిల్లవాడికి అది ముళ్లకంప. నచ్చిన కథను దించుకొని మండలి వంటి స్పష్టమైన ఖతిలో (ఫాంటులో), పద్దెనిమిది పాయింట్ల పరిమాణంలో, పంక్తుల మధ్య రెట్టింపు చోటు వదిలి అచ్చు తీసి ఇవ్వండి. పుస్తకం మార్చకుండానే కొంత తేడా కనిపించవచ్చు.

డల్లాస్_నాన్న

మా అమ్మాయిది సరిగ్గా తిరగేసిన సమస్య. ఇక్కడ తెలుగు నేర్పే మనబడిలో మూడేళ్లు చదివింది. ఏ పేజీ ఇచ్చినా గడగడా చదివేస్తుంది, అర్థం అడిగితే నా ముఖం చూస్తుంది. పేజీని స్కానరులో పెట్టినట్టు ఉంటుంది. మా ఇంట్లో పనిచేసిన చిట్కా ఏమిటంటే, ప్రతి కొత్త మాటకూ ఇంగ్లీషు అర్థం పక్కన రాసిపెట్టడం.

రెండుజడలు

డల్లాస్_నాన్న గారూ, మామిడితోపు గారి బాబుకు అర్థాలతో పనిలేదు. విని రెండు రోజుల తరువాత తిరిగి చెప్పగల పిల్లవాడికి మాటల సంపద కావలసినంత ఉంది. మీ చిట్కా మీ అమ్మాయికి సరిపోతుంది, ఇక్కడ సరిపోదు.

డల్లాస్_నాన్న

ఒప్పుకుంటున్నాను. ఇద్దరినీ కలిపి ఒకరిని చేస్తే బాగుండేది.

విశాఖ_చదువరి

చదవడంలో వెనుకబడిన పిల్లలతో పనిచేయడం నా వృత్తి. పుస్తకాల పేర్లకంటే ముందుగా కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించారో లేదో చూసుకోండి. దూరపు బోర్డు చదవగలిగినంత మాత్రాన దగ్గరి చూపు బాగున్నట్టు కాదు.

తరువాత, అతను ఎక్కడ ఆగుతున్నాడో కచ్చితంగా తెలుసుకోవాలి. ఒకే పేరాకు రెండు ప్రతులు తీయండి. అతను ఒకటి చదువుతుండగా, తడబడిన ప్రతి అక్షరం కిందా మీ ప్రతిలో పెన్సిలుతో గీత పెట్టండి. అతనికి కనబడేలా మాత్రం పెట్టవద్దు. నాలుగు రోజులలో ఒక వరస బయటపడుతుంది. తెలుగు లిపిలో చాలా వత్తులు తలకట్టు తీసేసిన అక్షరాల్లాగే ఉంటాయి. త, న, మ, య, ర, ల వత్తులకు మాత్రం అసలు అక్షరంతో పోలికే ఉండదు, వాటిని వేరుగా గుర్తుపెట్టుకోవలసిందే. పైగా కంటి వరుస ఒకటి, నోటి వరుస మరొకటి. "కృష్ణుడు" అన్న మాటలో కొమ్ము ష మీద ఉంటుంది, ణ వత్తు దాని కింద ఉంటుంది; పలికేటప్పుడు ష తరువాత ణ వచ్చి, ఆ తరువాతే కొమ్ము పలుకుతుంది. క్రావడి (ర వత్తు) అయితే అక్షరాన్ని ఎడమ నుంచి చుట్టుకొని వస్తుంది, ధ్వని మాత్రం తరువాత వస్తుంది. ఇదంతా మనకు ఎప్పుడో అలవాటైపోయి కనిపించదు. కన్నడ పిల్లలపై సోనాలీ నాగ్ చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలో, అక్షరాలన్నీ పట్టుబడడం నాలుగవ తరగతి దాకా సాగుతుందని తేలింది. కన్నడ లిపి, మన లిపి దాదాపు అక్కచెల్లెళ్లు కనుక తొమ్మిదేళ్ల పిల్లవాడు వత్తుల దగ్గర తడబడడాన్ని వింతగా చూడనవసరం లేదు.

పుస్తకం తగినదో కాదో చూడడానికి 1946లో ఎమ్మెట్ బెట్స్ సూచించిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది. నూటికి తొంభై ఐదు మాటలు సరిగ్గా చదివితే అది పక్కన పెద్దవారు కూర్చుని చదివించదగిన పుస్తకం. తొంభైకి తగ్గితే దానిని ప్రస్తుతానికి మీరే చదివి వినిపించండి.

పంతులు గారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. వేలు మాన్పించవద్దు. పంక్తి తప్పకుండా ఉండడానికి అది ఊతకర్ర. కాలు నిలదొక్కుకున్నాక తనంతట తానే వదిలేస్తాడు. అక్షరం అక్షరానికీ వేలితో పొడవడం బదులు, మాట కింద మెల్లగా జరపడం నేర్పితే చాలు.

రిటైర్డ్_పంతులు

ఊతకర్రకు అలవాటు పడిన కాలు నడక నేర్వదు.

విశాఖ_చదువరి

విరిగిన కాలికి ఊతకర్ర ఇవ్వనివారు కూడా నడక నేర్పలేరు, పంతులు గారూ.

చింతపిక్క

ఇది వేలి చర్చా, కాలి చర్చా అన్నది ఎవరైనా తేల్చగలరు.

అచ్చుతప్పు

విశాఖ_చదువరి గారి నూటికి తొంభై ఐదు అన్న కొలతను తెలుగులో కొంచెం జాగ్రత్తగా వాడాలి. "తీసుకురాలేకపోయాడు" అన్నది మనకు ఒక్క మాట. అందులో తొమ్మిది అక్షరాలు ఉన్నాయి. అదే సంగతి ఇంగ్లీషులో చెప్పడానికి నాలుగు చిన్న మాటలు కావాలి. ఎనిమిది అక్షరాలు సరిగ్గా చదివి చివరిదానిలో తప్పినా మొత్తం మాట తప్పు కిందే పడుతుంది. నిమిషానికి ఇన్ని మాటలు చదవాలనే అమెరికా పట్టికలు కూడా ఈ కారణం చేతనే మన పిల్లలకు వర్తించవు. మాటలకు బదులు అక్షరాలు లెక్కపెట్టడం మేలు.

విశాఖ_చదువరి

అంగీకరిస్తున్నాను. నేను కూడా నిమిషాల పట్టికలను వాడను. తప్పుల లెక్క ఆ పుస్తకం ఈ రోజుకు తగినదా అని చూసుకోవడానికే, మార్కులు వేయడానికి కాదు.

ఎర్రబస్సు

వేగం గురించి నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. మా అమ్మాయి చదవడంలో వెనుకబడిందని రోజూ ఫోనులో గడియారం పెట్టి ఒక పేరా చదివించాను. నెల తిరిగేసరికి సమయం సగానికి తగ్గింది. నేను మురిసిపోయి వాళ్ల నాయనమ్మ ముందు చదివించాను. చుక్కలు లేవు, విరామం లేదు, ప్రశ్న లేదు, కోపం లేదు. రైల్వే స్టేషనులో టీ అమ్మేవాడి పాటలాగ ఒకే ఊపులో పోయింది. ఆవిడ అంతా విని, "ఇంతకీ ఆ పిల్ల ఎవరిని తిడుతోందిరా?" అని అడిగింది. ఆ రోజుతో గడియారం తీసేశాను.

దాని స్థానంలో బుర్రకథ వచ్చింది. సెలవులకు వచ్చిన పిల్లలు ముగ్గురిని కూర్చోబెట్టి, ఊళ్లో కోతుల బెడద మీద నేనే రెండు పేజీల కథ రాశాను. కథకుడి భాగం పెద్దది, అది ధారాళంగా చదివే మేనకోడలికి వెళ్లింది. రాజకీయ వంత మరొకరికి, హాస్య వంత మా అమ్మాయికి. వంతలు చిన్నవి, మళ్లీ మళ్లీ వస్తాయి, సరైన చోట అందుకోకపోతే కథ ఆగిపోతుంది. పైగా నవ్వులన్నీ హాస్య వంతవే. మూడు రోజులలో ఆ కాగితాన్ని ఆమె ఎన్నిసార్లు చదివిందో నేను లెక్కపెట్టలేదు. చదవమని మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.

విశాఖ_చదువరి

ఎర్రబస్సు గారు తెలిసి చేశారో తెలియక చేశారో కానీ, ఒకే భాగాన్ని మళ్లీ మళ్లీ చదివించే పద్ధతిని 1979లో ఎస్. జే సామ్యూల్స్ వ్యాసంగా రాశారు. పెద్దవారు సరిదిద్దుతుండగా పైకి, పలుమార్లు చదవడం వల్ల ధారాళత పెరుగుతుందని 2000లో అమెరికా జాతీయ పఠన మండలి నివేదిక కూడా చెప్పింది. పంతులు గారి "పదిసార్లు" అన్న మాటలో బలం ఉంది. చిక్కల్లా, పదవసారి చదవడానికి పిల్లవాడికి ఒక కారణం కావాలి. అది వాచకం ఇవ్వదు, బుర్రకథ ఇచ్చింది. కనుక ఏ పుస్తకం కొనాలా అని చూసేటప్పుడు, ఇది ఐదుసార్లు పైకి చదవదగినదా అని చూడండి. సంభాషణలు, పునరుక్తి, ఒక ఊపు ఉన్న కథ నిలబడుతుంది. వర్ణన ఎక్కువగా ఉన్నది నిలబడదు.

రిటైర్డ్_పంతులు

అమెరికావారు చెబితే గానీ పంతులు మాటకు బలం రాలేదన్నమాట. సంతోషం.

బుర్రకథ దాకా ఎందుకు, శతకపద్యాలు లేవా? ఆటవెలదిలో, కందంలో ఊపు ఉంది, పునరుక్తి ఉంది. మా తరం వాళ్లందరికీ నోరు తిరిగింది వాటితోనే.

రెండుజడలు

మా పెద్దవాడి చేత ముప్పై పద్యాలు చదివించాను. ఒక రోజు పుస్తకం తలకిందులుగా పట్టుకొని కూడా తప్పు లేకుండా చదివాడు. కంఠస్థమైన పద్యానికి కళ్లతో పని ఉండదు, పంతులు గారూ.

గూగుల్ వారు 2019లో బోలో అనే పేరుతో తెచ్చి, తరువాత రీడ్ అలాంగ్‌గా మార్చిన యాప్‌లో తెలుగు వచ్చాక అది కూడా ప్రయత్నించాము. పిల్లవాడు పైకి చదువుతుంటే అందులోని దియా అనే బొమ్మ వింటుంది. అమ్మ దగ్గర సిగ్గుపడే పిల్లవాడు బొమ్మ దగ్గర సిగ్గుపడలేదు, అది లాభమే. కానీ మా ఇంటి రాయలసీమ యాస దానికి ఒక్కోసారి అంతుపట్టేది కాదు. సరిగ్గా చదివిన మాటను కూడా మళ్లీ చదవమనేది. మావాడు దానికి యాస నేర్పడానికి పూనుకోవడంతో చదువు ఆగిపోయింది.

మామిడితోపు

పది రోజులు మీరు చెప్పినవి ప్రయత్నించి రాస్తున్నాను.

కళ్లు, చెవులు బాగున్నాయని డాక్టర్లు చెప్పారు. విశాఖ_చదువరి గారు చెప్పినట్టు గీతలు పెట్టాను. నాలుగు రోజులలో నలభై ఒక్క గీతలు పడ్డాయి, వాటిలో ఇరవై ఆరు సంయుక్తాక్షరాల దగ్గరే. క్రావడి ఒక్కటే పదకొండు. ద్విత్వాల దగ్గర రెండే రెండు. "అమ్మ", "పిల్లి", "చెట్టు" వంటి మాటలు అతనికి అసలు అడ్డమే కాలేదన్న సంగతి నేను ఇంతకాలం గమనించలేదు.

ఇంకొక విచిత్రం. విజయవాడ వెళ్లే రైలులో కొవ్వూరు, నిడదవోలు, తాడేపల్లిగూడెం, ఏలూరు బోర్డులన్నీ మావాడు తడబడకుండా చదివాడు. "తాడేపల్లిగూడెం" ఒక్క గుక్కలో వచ్చింది. అంత పొడుగు మాట చదివినవాడు రెండక్షరాల "వస్త్రం" దగ్గర ఎందుకు ఆగుతున్నాడు?

రిటైర్డ్_పంతులు

అది చదవడం కాదమ్మా, గుర్తుపట్టడం. తరువాత ఏ స్టేషను వస్తుందో అతనికి ముందే తెలుసు. నిజం తెలియాలంటే ఈ పేర్లు కాగితం మీద రాసి చదివించండి: గూడేపల్లితాడెం, వోనిడదలు, లూఏరు, వ్వూకొరు. సగం తెలిసి సగం తెలియని పేర్లు ఇస్తే కన్ను మోసం చేయలేదు.

చింతపిక్క

గూడేపల్లితాడెం పాసింజరు ఎన్నవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పగలరు.

అచ్చుతప్పు

మామిడితోపు గారి లెక్కలో అసలు సంగతి ఉంది. అచ్చ తెలుగు మాటలలో ద్విత్వాలు ఎక్కువ. సంయుక్తాక్షరాలలో అధికభాగం సంస్కృతం నుంచి, ఇప్పుడు ఇంగ్లీషు నుంచి వచ్చినవి. మాట్లాడే తెలుగులో "వెళ్తున్నాడు" వంటివి కొన్ని ఉన్నా, బరువంతా తత్సమాలదే. పిల్లల విజ్ఞాన పుస్తకాలు రాసేవారు వంతెన కట్టారు అని రాయరు, "వంతెన నిర్మాణం ప్రారంభమైంది" అని రాస్తారు. మీ బాబు ఇష్టపడే విషయాలన్నీ ఆ భాషలోనే ఉన్నాయి. కోడిపిల్లల పుస్తకాలు అతనికి సులభంగా ఉండడానికి కారణం కోడిపిల్లలు కాదు, వాటిలోని ఇంటి తెలుగు. అదే తెలుగులో రైళ్ల గురించి రాసిన పుస్తకం కావాలి. అటువంటివి బజారులో తక్కువ. చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన కొత్తపల్లి పత్రిక కథలలో పిల్లలు మాట్లాడే వాక్యాలు దొరుకుతాయి, అంతర్జాలంలో ఉచితంగానే చదవవచ్చు. రైళ్లు మాత్రం మీరే రాసుకోవాలి.

రిటైర్డ్_పంతులు

అయితే సంస్కృత పదాలు ఎప్పటికీ నేర్పవద్దా? రేపు ఐదవ తరగతి స్థాయి పరీక్ష రాయాలంటే "నిర్మాణం" చదవక తప్పదు. మా కాలంలో పిల్లలు చందమామ చదివారు. 1947 నుంచి ఎన్ని లక్షల ఇళ్లలో పిల్లలకు చదవడం నేర్పిందో అందరికీ తెలుసు. అందులో "మహారాజు", "మంత్రి", "రాక్షసుడు" లేని పేజీ ఉందా? ఎవరూ చదవలేక ఏడవలేదు.

రెండుజడలు

ఏడ్చినవాళ్లు ఉత్తరాలు రాసి ఉండరు, పంతులు గారూ.

ఎర్రబస్సు

పంతులు గారి ప్రశ్న న్యాయమైనదే. అయితే "రాక్షసుడు" అన్న మాట పేజీకి పదిసార్లు వస్తే మూడవసారికి అది కూడా తాడేపల్లిగూడెం అయిపోతుంది. పేజీకి పది వేర్వేరు సంయుక్తాలు వస్తేనే కష్టం.

విశాఖ_చదువరి

ఎర్రబస్సు గారి మాటనే ఎంపికకు గీటురాయిగా పెట్టుకోవచ్చు. పేజీలో కొత్త సంయుక్తాక్షరాలు రెండు మూడుకు మించకుండా, ఉన్నవి మళ్లీ మళ్లీ వచ్చే పుస్తకాన్ని ఎంచుకోండి. క్రావడి ఎక్కువ ఇబ్బంది పెడుతోంది కనుక ముందు రెండు వారాలు క్రావడి మాటలు తరచుగా వచ్చే కథలు ఇవ్వండి. చందమామ వంటివి మీరు చదివి వినిపించడానికి ఉంచండి. వినే పుస్తకం పెద్దదిగానే ఉండాలి. చదవగలిగినదే వినిపిస్తూ పోతే అతని బుద్ధికి మేత చాలదు.

అచ్చుతప్పు గారు చెప్పిన "మీరే రాసుకోవాలి" అన్నదానిని ఒక అడుగు ముందుకు తీసుకువెళ్లండి. అతను చెబుతుంటే మీరు రాయండి. ఒక్క మాట కూడా దిద్దవద్దు. తన నోటి మాటే కాగితం మీద ఉంటుంది కనుక తరువాత ఏమి వస్తుందో సగం తెలుసు, సగం చూసుకోవాలి. పంతులు గారి గూడేపల్లితాడెం కూడా ఆ సగం సగం సూత్రమే.

ఆరు నెలలు ఇలా చేసినా మార్పు లేకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా అభ్యసన వైకల్యానికి పరీక్ష చేయించండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో అది కూడా చేరింది. ధ్రువపత్రం ఉంటే సార్వత్రిక విద్యలో పరీక్షలు రాసేటప్పుడు కూడా కొన్ని వెసులుబాట్లు అడగవచ్చు.

మామిడితోపు

నిన్న సాయంత్రం అతను చెప్పగా నేను రాసినది ఉన్నదున్నట్టుగా ఇక్కడ పెడుతున్నాను.

"రైలు వంతెన ఎక్కింది. కింద గోదారి. నాన్న రూపాయి విసిరాడు. నన్ను కూడా విసరమన్నాడు. నేను విసిరినట్టు చేశాను. నా రూపాయి జేబులోనే ఉంది. గోదారికి తెలియదు. నాన్నకి కూడా తెలియదు."

దీనిని అచ్చుతప్పు గారు చెప్పిన కొలతలలో అచ్చు తీసి ఇచ్చాను. మొదటిసారి రెండు చోట్ల ఆగాడు. మూడవసారి ఆగలేదు. చివరి వాక్యం దగ్గర తనే గొంతు తగ్గించి, వాళ్ల నాన్న గది వైపు చూసి చదివాడు.

అచ్చుతప్పు

ఆ ఎనిమిది వాక్యాలలో ఒక్క సంయుక్తాక్షరం కూడా లేదు. అన్నీ ద్విత్వాలే. నేను చెప్పాలనుకున్నదానిని నాకంటే బాగా చెప్పాడు.

చింతపిక్క

ఈ చర్చను వాళ్ల నాన్న చదవడం లేదని ఆశిస్తున్నాను.

మామిడితోపు

చదివారు. రూపాయి తిరిగి అడిగారు.

డల్లాస్_నాన్న

ఆ ఎనిమిది వాక్యాలను మా అమ్మాయి చేత చదివించాను. అర్థం కూడా చెప్పింది, నవ్వింది కూడా. ఇంకా రాసి ఉంటే పెట్టండి, మాకూ పనికొస్తాయి.

మామిడితోపు

ఏడు వారాలు గడిచాయి. ఎవరైనా ఇదే ఇబ్బందితో ఇక్కడికి వస్తే పనికివస్తుందని జరిగినది రాస్తున్నాను.

కొన్న పద్దెనిమిది పుస్తకాలనూ ముందు వేసుకొని, ఒక్కొక్కదాని మధ్య పేజీలో సంయుక్తాక్షరాలు లెక్కపెట్టాను. ఐదు ఇప్పుడు చదివించడానికి, తొమ్మిది నేను వినిపించడానికి, నాలుగు వచ్చే ఏడాదికి అని విడదీశాను. కొత్తగా ఒక్క పుస్తకమూ కొనలేదు. అతను చెప్పి నేను రాసిన కాగితాలు ఇరవై రెండు అయ్యాయి. హేవలాక్ వంతెన గురించి కూడా ఒకటి ఉంది; 1900లో మొదలైన ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయని నేను చెబితే, "వంతెనకి రిటైర్మెంట్" అని పేరు పెట్టాడు. తాను పెట్టిన పేరు కనుక ఆ ర్మ దగ్గర ఇప్పుడు ఆగడం లేదు. "నిర్మాణం" కూడా ఆ దారిలోనే వచ్చింది, పంతులు గారికి తెలియజేస్తున్నాను.

వేసవికి పిల్లలు వచ్చినప్పుడు బుర్రకథ చేశాము. హాస్య వంత కోసం ముగ్గురూ కొట్టుకోవడంతో చీట్లు వేయవలసి వచ్చింది, మావాడికి రాజకీయ వంత పడింది. రెండు రోజులు అలిగాడు, తరువాత చదివాడు. క్రావడి తడబాటు ఇంకా ఉంది, పదకొండు గీతలు నాలుగయ్యాయి. తెలియని పుస్తకం కొత్తగా ముందు పెడితే ఇప్పటికీ మొదటి పేజీ నత్తనడకే. వేలు ఇంకా ఉంది, అయితే అక్షరం కింద కాకుండా మాట కింద జరుగుతోంది.

రిటైర్డ్_పంతులు

చాలా సంతోషం అమ్మా. గూడేపల్లితాడెం సంగతి ఏమైంది?

మామిడితోపు

మొదటి రోజు నాలుగు పేర్లకూ ఇబ్బంది పడ్డాడు. రెండవ రోజు చదివేసి, పంతులు గారికి కూడా పరీక్ష పెట్టాలని పట్టుబట్టి ఈ జాబితా తయారుచేశాడు. వేలు పెట్టకుండా, ఒక్క గుక్కలో చదివి, ఎక్కడ ఆగారో నిజం చెప్పాలట: మర్లసాకోట, పూరద్వాడి, పర్తిఅన, ల్లితాగూపడేడెం, కాడనాకి, ణుకుత, వరంమభీ.

రిటైర్డ్_పంతులు

మొదటి రెండూ బాగానే వచ్చాయి. నాలుగవదాని దగ్గర వేలు పెట్టవలసి వచ్చింది.